నీటిపక్షి పిల్లల ఛాయాచిత్రణ

నీటిపక్షి పిల్లల ఛాయాచిత్రణ అనగా చెరువులు, ఆవలు, జలాశయాలు, వరిపొలాలలో తిరిగే బాతు పిల్లలను, ఇతర నీటిపక్షుల పిల్లలను కెమెరాతో చిత్రించడం. ఇది వన్యప్రాణి ఛాయాచిత్రణలో ఒక భాగం. చూడముచ్చటైన చిత్రాల కోసమే కాక, శాస్త్రీయమైన ఆధారం కోసం కూడా ఈ పని చేస్తారు. ఒక చెరువులో పెద్ద పక్షి కనిపించినంత మాత్రాన అది అక్కడ గూడు కట్టుకున్నదని చెప్పలేము. అది వలస వచ్చినది కావచ్చు, మేత కోసం పక్క చెరువు నుండి వచ్చినది కావచ్చు. గూడు విడిచి కొద్దిరోజులే అయిన, ఇంకా ఎగరలేని పిల్ల కనిపిస్తే మాత్రం ఆ పక్షి ఆ పరిసరాలలోనే గుడ్లు పెట్టి పొదిగిందని నిశ్చయంగా చెప్పవచ్చు. అందువలన పిల్ల చిత్రం ఆ నీటివనరుకు ఒక సాక్ష్యపత్రం వంటిది. అయితే అజాగ్రత్తగా తీస్తే ఆ చిత్రమే పిల్ల ప్రాణానికి ముప్పు తెస్తుంది. ఈ రెండు విషయాలను కలిపి చూడటమే ఈ ఛాయాచిత్రణలో ప్రధానాంశం.

పిల్లలలో రకాలు

గుడ్డు నుండి వెలువడిన నాటి స్థితిని బట్టి పక్షి పిల్లలను స్థూలంగా రెండు రకాలుగా విభజిస్తారు.

* గూడు విడిచే పిల్లలు: ఇవి కళ్ళు తెరచి, ఒంటినిండా నూగుతో పుడతాయి. ఒకటి రెండు రోజులలోనే తల్లి వెంట నడుస్తాయి, ఈదుతాయి. బాతులు, నీటికోళ్ళు, మునుగుడు కోళ్ళు, జకానాలు, తీతువులు ఈ రకానికి చెందినవి. నీటి మీద తీసే చిత్రాలలో కనిపించేవి చాలావరకు ఇవే.
* గూటిలో ఎదిగే పిల్లలు: కొంగలు, నీటికాకులు, గూడబాతుల పిల్లలు ఈకలు లేకుండా, నిస్సహాయంగా పుడతాయి. రెక్కలు వచ్చేవరకు చెట్టు మీది గూటిలోనే ఉంటాయి. వీటిని దూరం నుండి, గూళ్ళు ఉన్న చెట్లకు ఎడంగా నిలబడి మాత్రమే చిత్రించాలి.

బాతు పిల్లలు పుట్టిన కొద్ది గంటలలో తమ ముందు కదిలే ప్రాణిని తల్లిగా గుర్తు పెట్టుకుంటాయి. ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ 1935లో ఈ లక్షణాన్ని వివరంగా వర్ణించాడు. జంతు ప్రవర్తనపై చేసిన కృషికి 1973లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి లభించింది. పిల్లలన్నీ తల్లి వెనుక వరుసగా ఈదడానికి కారణం ఈ లక్షణమే. ఆ వరుసను చెదరగొడితే వెనుకబడిన పిల్ల కాకికో గద్దకో దొరికిపోతుంది.

నర్సీపట్నం పరిసరాలలోని నీటివనరులు

నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోని పట్టణం. 2022 ఏప్రిల్ 4న ఈ జిల్లా ఏర్పడక ముందు ఇది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. పట్టణానికి ఒక వైపు తూర్పు కనుమలు, మరొక వైపు వరి, చెరకు పండే మైదానం ఉన్నాయి. సమీపంలోని బలిఘట్టం వద్ద వరాహ నది ఉత్తరవాహినిగా ప్రవహిస్తుంది. నాతవరం మండలంలో తాండవ నది మీద నిర్మించిన తాండవ జలాశయం ఉంది. ఇవికాక గ్రామగ్రామాన సాగునీటి చెరువులు ఉన్నాయి.

ఇదే జిల్లాలో, సముద్రతీరానికి దగ్గరగా, అచ్యుతాపురం మండలంలో కొండకర్ల ఆవ ఉంది. ఇది మంచినీటి సరస్సు. తామర, కలువ, తుంగ, నాచు దట్టంగా పెరగడం వలన గూళ్ళకు ఇక్కడ మంచి చాటు దొరుకుతుంది. ఇక్కడి జాలరులు రెండు తాటిబోదెలను తొలిచి జతకట్టిన దోనెలలో తిరుగుతారు. మోటారు చప్పుడు లేని ఈ దోనె పక్షులను బెదరగొట్టదు. ఆవ ఉన్న మండలంలోనే ప్రత్యేక ఆర్థిక మండలి, పరిశ్రమలు ఉన్నాయి. అందువలన ఇక్కడ ఏ పక్షులు పిల్లలను పెంచుతున్నాయన్నది కేవలం వేడుకైన ప్రశ్న కాదు. ఆవ ఆరోగ్యాన్ని తెలిపే లెక్క అది.

చెరువులలో, ఆవలలో పిల్లలతో కనిపించే పక్షులు

* మునుగుడు కోడి: నీటిపై తేలే నాచు, తుంగలతో గూడు కడుతుంది. ముప్పు ఉందని తోచినపుడు గూడు వదిలే ముందు గుడ్ల మీద నాచు కప్పి వెళ్తుంది. పిల్లల తల, మెడ మీద చారలు ఉంటాయి. ఇవి తల్లిదండ్రుల వీపు మీద ఎక్కి ప్రయాణిస్తాయి.
* ఈల బాతు: దీనిని చిలువ అని కూడా అంటారు. ఎక్కువగా చెట్టు తొర్రలలో గుడ్లు పెడుతుంది. ఆడ, మగ పక్షులు రెండూ పిల్లలను కాస్తాయి.
* చుక్కమూతి బాతు: నల్లని ముక్కుకు పసుపు కొన ఉండే పెద్ద బాతు. వలస పోకుండా ఏడాది పొడవునా మన దేశంలోనే ఉంటుంది. చెరువుగట్ల గడ్డిలో గూడు పెడుతుంది.
* నీలి బొల్లికోడి, జంబుకోడి, తెల్లరొమ్ము నీటికోడి: వీటి పిల్లలు నల్లని నూగుతో ఉంటాయి. తెల్లరొమ్ము నీటికోడి ఇళ్ళ పక్కనున్న చిన్న మడుగులలో కూడా పిల్లలను పెంచుతుంది. వానాకాలంలో రోడ్డు దాటుతూ కనిపించే నల్లని పిల్లలు తరచుగా ఇవే.
* నెమలితోక జకానా: పొడవైన కాలివేళ్ళతో తామరాకుల మీద నడుస్తుంది. ఆడపక్షి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. మగపక్షి పొదిగి, పిల్లలను పెంచుతుంది. కనుక చిత్రంలో పిల్లల పక్కన ఉన్నది తల్లి కాదు, తండ్రి.

పసుపు రంగు పిల్లలు కనిపిస్తే అవి సాధారణంగా పెంపుడు బాతుల పిల్లలు. అడవి బాతు పిల్లల నూగు గోధుమ, పసుపు మచ్చలతో గడ్డిలో కలిసిపోయే రంగులో ఉంటుంది. పల్లెలలో బాతు గుడ్లను పొదుగుడు కోడి కింద పెట్టే అలవాటు ఉంది. కోడి గుడ్లకు 21 రోజులు పడితే బాతు గుడ్లకు 28 రోజులు పడుతుంది. పొదిగిన కోడి గట్టు మీదనే నిలిచి అరుస్తుండగా పిల్లలు నీటిలోకి దిగిపోవడం పల్లెవాసులకు తెలిసిన దృశ్యమే. కొత్తగా నేర్చుకునేవారు ముందు పెంపుడు బాతు పిల్లలతో సాధన చేయడం మంచిది. నీటి మెరుపు, పిల్లల వేగం, తక్కువ ఎత్తు నుండి తీయడం వంటివన్నీ ఇక్కడ ఎవరికీ హాని లేకుండా అభ్యాసం చేయవచ్చు.

అనుకూలమైన కాలం

నైరుతి ఋతుపవనాల వానలకు చెరువులు నిండిన తరువాత స్థానిక నీటిపక్షులు గూళ్ళు కడతాయి. గుడ్లు పొదగడానికి చాలా జాతులలో మూడు నుండి నాలుగు వారాలు పడుతుంది. కావున ఈ ప్రాంతంలో నీటి మీద పిల్లలు ఎక్కువగా ఆగస్టు నుండి నవంబరు వరకు కనిపిస్తాయి. వానలు ఆలస్యమైతే ఈ కాలం కూడా వెనుకకు జరుగుతుంది.

శీతాకాలంలో చెరువుల నిండా బాతులు కనిపిస్తాయి కనుక పిల్లలు కూడా అప్పుడే ఉంటాయని పలువురు భావిస్తారు. ఇది సరికాదు. సూదితోక బాతు వంటి వలస బాతులు ఉత్తర ఆసియా ప్రాంతాలలో వేసవిలో పిల్లలను పెంచి, చలికాలం గడపడానికి మాత్రమే ఇక్కడకు వస్తాయి. వాటి పిల్లలను మన చెరువులలో చిత్రించడం సాధ్యం కాదు. అటువంటి చిత్రమేదైనా ఇక్కడిదని చెప్పినట్లయితే పక్షి గుర్తింపునో, స్థలాన్నో మరొకసారి పరిశీలించాలి.

పరికరాలు

* లెన్సు: 300 నుండి 600 మిల్లీమీటర్ల టెలిఫొటో లెన్సు అవసరం. పొడవైన లెన్సు వాడటం పెద్ద చిత్రం కోసం మాత్రమే కాదు, పక్షికి దూరంగా ఉండటానికి కూడా. లెన్సు సరిపోనపుడు పక్షికి దగ్గరగా జరగడం కంటే, చెరువు, తామరాకులతో సహా చిన్నగా కనిపించే పిల్లను తీయడం మేలు. అటువంటి చిత్రంలో పక్షి నివాసం కూడా నమోదవుతుంది.
* ఆధారం: గట్టు మీద పడుకొని తీసేటప్పుడు ట్రైపాడ్ కంటే బియ్యమో ఇసుకో నింపిన చిన్న గుడ్డసంచి బాగా పనిచేస్తుంది. దోనెలో ట్రైపాడ్ ప్రయోజనం తక్కువ. నీటి కదలికతో అదీ కదులుతుంది.
* కెమెరా: ఏ డిజిటల్ కెమెరా అయినా సరిపోతుంది. 2020 తరువాత వచ్చిన అద్దంలేని కెమెరాలలో కొన్ని పక్షి కన్నును తామే గుర్తించి ఫోకస్ చేస్తాయి. అయితే తుంగ పోచలు అడ్డున్నపుడు ఈ సదుపాయం పొరబడుతుంది. అప్పుడు ఒకే ఫోకస్ బిందువును ఎంచుకొని పిల్ల కన్ను మీద నిలపాలి.
* పోలరైజర్ ఫిల్టర్: నీటి మెరుపును తగ్గిస్తుంది. నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల కోణంలో చూసినపుడు దీని ప్రభావం అత్యధికం. నీటి మట్టానికి బాగా దగ్గరగా ఉండి తీసేటప్పుడు ఉపయోగం తక్కువ. పైగా వెలుగులో సగానికి పైగా తగ్గిపోతుంది.

వెలుగు, ఎక్స్‌పోజర్

సూర్యోదయం తరువాత మొదటి రెండు గంటలు అనుకూలం. అప్పటికి గాలి లేక నీరు అద్దంలా ఉంటుంది, పిల్లలు మేత కోసం బయటకు వస్తాయి. ఉదయం పూట చెరువుకు తూర్పు గట్టున ఉంటే సూర్యుడు వెనుక ఉండి పక్షి మీద వెలుగు పడుతుంది. మధ్యాహ్నపు ఎండలో నీటి మెరుపు ఎక్కువై, పిల్లల నూగులోని సన్నని వివరాలు పోతాయి.

కెమెరాలోని వెలుగు కొలిచే సాధనం తన ముందున్న దృశ్యాన్ని మధ్యరకపు బూడిద రంగుగా భావించి లెక్క కడుతుంది. కనుక రెండు సందర్భాలలో సవరణ అవసరమౌతుంది.

* మెరిసే నీటి మీద నల్లని బొల్లికోడి పిల్ల ఉంటే కెమెరా చిత్రాన్ని చీకటిగా చేస్తుంది. పిల్ల నల్లని ముద్దగా మిగులుతుంది. ఎక్స్‌పోజరును ఒక స్టాప్ వరకు పెంచాలి.
* నీడలోని నల్లని నీటిపై లేతరంగు పిల్ల ఉంటే కెమెరా చిత్రాన్ని మరీ తెల్లగా చేస్తుంది. ఎక్స్‌పోజరును కొంత తగ్గించాలి.

నిదానంగా ఈదే పిల్లకు సెకనులో 500వ వంతు షట్టర్ వేగం సాధారణంగా చాలు. మునిగి లేచే, తామరాకుల మీద పరుగెత్తే పిల్లలకు 1600వ వంతు వరకు అవసరం కావచ్చు. తల్లి, పిల్లలు అందరూ స్పష్టంగా రావాలంటే అవి కెమెరాకు సమాన దూరంలోకి వచ్చేవరకు, అనగా పక్కవాటుగా ఈదేవరకు, వేచి ఉండాలి.

చిత్రించే విధానం

పిల్ల కన్నుకు సమాన ఎత్తులో కెమెరా ఉండటం ఈ చిత్రాలకు ప్రాణం. నిలబడి పైనుండి తీస్తే వీపు, నీరు మాత్రమే కనిపిస్తాయి. గట్టు మీద బోర్లా పడుకొని తీస్తే వెనుక దృశ్యం మసకబారి, పిల్ల, దాని ప్రతిబింబం విడిగా తేలుతాయి.

అయితే పడుకునే ముందు నేలను అంగుళం అంగుళం పరిశీలించాలి. తీతువు చెరువుగట్టు మీద, ఎండిన మట్టిలో, చిన్న గుంటలోనే గుడ్లు పెడుతుంది. మట్టి రంగులో ఉండే ఆ గుడ్లు, కదలక నేలకు అంటుకొని ఉండే దాని పిల్లలు సులభంగా కనపడవు. నీటిలోని బాతు పిల్లల మీదనే చూపు నిలిపినవారు కాలికింద వీటిని చిదిమే ప్రమాదం ఉంది. తీతువు తల మీద తిరుగుతూ అరుస్తున్నదంటే గుడ్లో పిల్లలో దగ్గరలోనే ఉన్నాయని అర్థం. వచ్చిన దారినే అడుగులు చూసుకుంటూ వెనుదిరగాలి.

పక్షిని వెంబడించడం కంటే పక్షి వచ్చే చోట ముందుగా కూర్చోవడం ఉత్తమ పద్ధతి. పిల్లల కుటుంబం రోజూ దాదాపు ఒకే దారిలో మేతకు వస్తుంది. ఒకటి రెండు రోజులు దూరం నుండి గమనించి, తెల్లవారక ముందే ఆ చోటికి చేరి, కదలక ఉంటే కుటుంబమే దగ్గరకు రావచ్చు. పశువుల కాపరులకు, జాలరులకు ఈ దారులు బాగా తెలుసు.

ఎంత దూరంలో ఉండాలన్నదానికి అన్ని పక్షులకు వర్తించే కొలత లేదు. పక్షి ప్రవర్తనే కొలత. ఈ కింది గుర్తులు కనిపిస్తే ఆగి, వెనుకకు జరగాలి.

* పెద్ద పక్షి మేత మాని, మెడ నిక్కించి చూడటం.
* హెచ్చరిక కూతలు వేయడం, పిల్లలు ఒక్కసారిగా తల్లి చుట్టూ మూగడం.
* తల్లి రెక్క విరిగినట్లు నటిస్తూ నీటి మీద కొట్టుకుంటూ దూరంగా పోవడం. ఇది శత్రువును పిల్లల నుండి మళ్ళించే ఉపాయం.
* జకానా పిల్ల హఠాత్తుగా కనిపించకుండా పోవడం. అది ముక్కు కొన మాత్రమే పైకి పెట్టి నీటిలో మునిగి ఉంటుంది. మనిషి కదలనంత వరకు అది కూడా పైకి రాకపోవచ్చు.

పిల్లలకు కలిగే హాని

చిన్న పిల్లలు తమ ఒంటి వేడిని తాము పూర్తిగా నిలుపుకోలేవు. తల్లి తన రెక్కల కింద వాటిని తరచుగా కాగుతుండాలి. మనిషి ఉనికి వలన తల్లి దూరంగా ఉన్న ప్రతి నిమిషం పిల్లలు చల్లబడతాయి, లేక ఎండకు గురవుతాయి. మునుగుడు కోడిని అకస్మాత్తుగా బెదిరిస్తే గుడ్ల మీద నాచు కప్పే వ్యవధి ఉండదు. బయటపడిన గుడ్లను కాకులు చూస్తాయి. మనుషుల వెంట కాకులు తిరగడం పల్లెలలో సాధారణమే కనుక ఛాయాగ్రాహకుడు తనకు తెలియకుండానే గూటికి దారి చూపినవాడవుతాడు. నీటి అడుగున పెద్ద కొరమీను, గట్టున నీరుకట్టె, కుక్క, పిల్లి కూడా చెదిరిన పిల్లల కోసం కాచుకొని ఉంటాయి.

కావున గూటికి అడ్డుగా ఉన్న తుంగను తొలగించడం, ఫ్లాష్ వాడటం, ఫోన్‌లో పక్షి కూతలు వినిపించి పిలవడం, డ్రోన్ ఎగరవేయడం, రొట్టె ముక్కలు వేసి దగ్గరకు రప్పించడం చేయరాదు. ఒంటరిగా కనిపించిన పిల్లను తప్పిపోయినదని భావించి ఇంటికి తేవడం కూడా పొరపాటు. మనిషి తొలగిపోతే తల్లి తిరిగి రావడం సర్వసాధారణం. గాయపడిన పిల్ల కనిపిస్తే అటవీశాఖకు తెలపాలి.

చట్టం

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం వేట అన్న పదానికి ఉన్న నిర్వచనంలో అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గుడ్లను గాని గూళ్ళను గాని కదిలించి భంగపరచడం కూడా చేరి ఉన్నాయి. అనగా చిత్రం కోసం గూటిని కదిలించినవారు తుపాకి పట్టకపోయినా చట్టం దృష్టిలో వేటగాళ్ళే కావచ్చు. అభయారణ్యాలలో ఛాయాచిత్రణకు అనుమతి ఇచ్చే అధికారం 28వ సెక్షన్ ప్రకారం ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి ఉంది. ఆవాసంలో మార్పు చేయకుండా, ప్రాణులకు హాని కలిగించకుండా మాత్రమే చిత్రించాలని 2022 నాటి సవరణలో స్పష్టం చేశారు.

చరిత్ర

ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ కియర్టన్, చెర్రీ కియర్టన్ సోదరులు 1895లో బ్రిటిష్ పక్షుల గూళ్ళపై ఛాయాచిత్రాలతో గ్రంథం వెలువరించారు. పిల్ల చిత్రం సాక్ష్యంగా నిలవడానికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఎమ్మా టర్నర్ 1911లో తీసినది. కొంగ జాతికి చెందిన బిట్టర్న్ అనే పక్షి పందొమ్మిదో శతాబ్దం చివరినాటికి బ్రిటన్‌లో గూడు కట్టడం మానివేసింది. నార్ఫోక్ ప్రాంతపు రెల్లు మడుగులలో ఆ పక్షి పిల్లను ఆమె చిత్రించడంతో అది తిరిగి అక్కడ సంతానోత్పత్తి చేస్తున్నదని రుజువైంది.

ఆంధ్రదేశంలో కె.కె.నీలకంఠన్ అనే అధ్యాపకుడు 1946లో కొల్లేరు ప్రాంతంలోని ఆరేడు గ్రామం వద్ద గూడబాతుల పెద్ద గూళ్ళ సముదాయాన్ని కనుగొన్నాడు. ఆ వివరాలు 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి. తరువాతి దశాబ్దాలలో ఆ గూళ్ళు కనుమరుగయ్యాయి. అప్పటి నమోదు లేకపోయినట్లయితే ఏమి కోల్పోయామో కూడా తెలిసేది కాదు. కొల్లేరు 1999లో అభయారణ్యంగా ప్రకటించబడింది. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. కైకలూరు దగ్గరి ఆటపాక వద్ద నీటిలో అటవీశాఖ నిలిపిన ఇనుప మంచెల మీద గూడబాతులు పిల్లలను పెంచుతున్నాయి. అక్కడ గూళ్ళ దగ్గరకు పోకుండానే పిల్లలను చూడవచ్చు.

చిత్రాల ఉపయోగం

తేదీ, స్థలం, పిల్లల సంఖ్య, వాటి సుమారు వయస్సు, వెంట ఉన్న పెద్ద పక్షి జాతి నమోదు చేసినపుడే చిత్రానికి ఆధారపు విలువ వస్తుంది. 2002లో ప్రారంభమైన ఈబర్డ్ వంటి పౌరశాస్త్ర వేదికలలో ఎగరలేని పిల్లల నమోదును సంతానోత్పత్తికి ధ్రువీకరణగా పరిగణిస్తారు. ఒకే చెరువును ఏటా అదే కాలంలో చిత్రిస్తే పిల్లల సంఖ్యలో వచ్చే మార్పు తెలుస్తుంది. గుర్రపుడెక్క కమ్ముకున్నా, నీరు కలుషితమైనా, గట్లు ఆక్రమణకు గురైనా ఆ మార్పు కనిపిస్తుంది. పెద్ద పక్షులు కొన్నాళ్ళు వస్తూనే ఉండవచ్చు, పిల్లలు మాత్రం కనబడవు. చెరువు పాడవుతున్నదని చెప్పే తొలి సూచనలలో ఇది ఒకటి.

పాఠశాల విద్యార్థులు ఖరీదైన కెమెరా లేకపోయినా ఈ పని చేయవచ్చు. దుర్భిణితో చూసి పిల్లలను లెక్కించి, ఫోన్‌తో చెరువు దృశ్యాన్ని తీసి, తేదీతో పుస్తకంలో రాసుకుంటే అది కూడా నమోదే. పిల్లలు నీటిలోకి వచ్చిన చోటును గాని, గూడు ఉన్న చోటును గాని ఆ ఋతువు ముగిసేవరకు బహిరంగంగా ప్రకటించకపోవడం మంచిది.

ఇవి కూడా చూడండి

* నర్సీపట్నం
* కొండకర్ల ఆవ
* తాండవ జలాశయం
* కొల్లేరు సరస్సు
* తేలినీలాపురం
* నేలపట్టు పక్షి సంరక్షణ కేంద్రం